అక్కర్లేని ట్యాగ్‌లను సొంత స్క్రిప్ట్‌తో ఏరేయొచ్చా? ఏరొచ్చు, కానీ పదాల జాబితాతో మొదలుపెట్టకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు మిద్దె తోటల మీద ఒక ఖాతా నడుపుతున్నారు. మాస్టడాన్, బ్లూస్కై, ఎక్స్ (ఒకప్పటి ట్విట్టర్) అనే మూడు సామాజిక మాధ్యమాల్లోనూ ఉంది. ఆ మధ్య మిరప ఆకుముడత గురించి పెట్టిన పోస్టు బాగా తిరిగింది. అప్పట్నుంచి రోజుకు రెండు మూడు వందల మెన్షన్లు, అంటే మీ పేరును ట్యాగ్ చేసిన పోస్టులు, వస్తున్నాయి. అందులో సగానికి పైగా లోన్ యాప్‌లవాళ్లవి, బెట్టింగ్ లింకులవాళ్లవి, హీరోల అభిమానుల కొట్లాటల్లోకి మిమ్మల్ని లాగినవి. మొక్కల గురించి అడిగిన అసలు ప్రశ్నలు వాటి కింద పడి కనిపించడం లేదు. మీకు పైథాన్ కొంత వచ్చు. నలభై పదాల జాబితా రాసుకుని, ఆ పదాలున్న ప్రతి మెన్షన్‌నీ తీసేసి, పెట్టినవాళ్లను బ్లాక్ చేసే స్క్రిప్ట్ రాద్దామనుకుంటున్నారు. అది సరైన దారేనా, అసలు ఏఐ పెడితే తేలిగ్గా అయిపోతుందా అని అడిగారు.

స్క్రిప్ట్ తప్పకుండా రాసుకోండి. ఒక వారాంతంలో అయిపోయే పని, రోజుకు గంట మిగులుతుంది. కానీ పదాల జాబితాతో మొదలుపెట్టకండి. స్క్రిప్ట్ చేత ఎవరినీ బ్లాక్ చేయించకండి, దేన్నీ డిలీట్ చేయించకండి. వచ్చినవాటిని అది మూడు కుప్పలుగా వేరుచేసి మీ ముందు పెడితే చాలు: ఇప్పుడే చూడాల్సినవి, తీరిగ్గా చూసేవి, పక్కన పెట్టినవి. ఆ వేరుచేయడం కూడా ఏం రాశారనే దాన్ని బట్టి తక్కువగా, ఎవరు రాశారు, ఎంతమందిని ట్యాగ్ చేశారు, మీతో ముందు మాట్లాడారా లేదా అన్నదాన్ని బట్టి ఎక్కువగా జరగాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీరు వెళ్దామనుకుంటున్న దారిలోనే నేను వెళ్లి తిరిగొచ్చాను. తెలుగు మాటలకు అర్థాలు, వాడుకలు చెప్పే ఒక ఖాతా నాది. చాలా ఏళ్లు ఎక్స్‌లోనే ఉండి, 2022 చివర్లో మాస్టడాన్‌కి, తర్వాత బ్లూస్కైకి వచ్చాను. నా మొదటి స్క్రిప్ట్ కూడా పదాల జాబితాయే. అందులో "అప్పు" అనే మాట పెట్టాను. లోన్ యాప్‌ల బెడద పోతుందనుకున్నాను. వారం తర్వాత చూస్తే మామూలుగా వచ్చే ప్రశ్నల్లో సగం కూడా రాలేదు. స్క్రిప్ట్ ఏం చేసిందో రాసిపెట్టే లాగ్ తెరిచి ఒక్కొక్కటీ చదివాను. "అప్పుడు" అన్న మాట ఉన్న ప్రతి ప్రశ్నా పోయింది. "మా చిన్నప్పుడు" అని మొదలైనవి బతికాయి, "అప్పుడప్పుడు మా నాయనమ్మ అనేది" అన్నవి పోయాయి. "అప్పుకీ చేబదులుకీ తేడా ఏమిటండీ" అని ఒకాయన అడిగిన ప్రశ్నా పోయింది. నా ఖాతా ఉన్నదే అలాంటి ప్రశ్న కోసం.

మీ జాబితాలోనూ ఇదే ప్రమాదం ఉంది. మీరు పెట్టిన "లోను" తీసుకోండి. "కుండీలోనుంచి నీళ్లు కారిపోతున్నాయి, ఏం చేయాలి" అన్న ప్రశ్నలో ఆ రెండక్షరాల ముక్క ఉంది కదా, అది ఎగిరిపోతుంది. "లాభం" పెట్టారు, పెట్టుబడి మోసాల కోసం. కానీ మొక్కలు పెంచేవాళ్ల నోట "వేపనూనె కొట్టినా లాభం లేదు" అన్న మాట రోజూ వస్తుంది. "మందు" సంగతి నేను చెప్పనక్కర్లేదు.

ఇక్కడ చాలామంది ఇచ్చే సలహా, "పూర్తి పదానికే సరిపోల్చండి" అని. మంచి సలహాయే, కానీ తెలుగు దగ్గర అది ఒక గోతిలో పడేస్తుంది, దాన్ని కాస్త వివరంగా చెబుతాను. పైథాన్‌తో వచ్చే మామూలు రెజెక్స్ లైబ్రరీలో (రాతలో నమూనాలను వెతికే సాధనం అది) పదం హద్దును సూచించడానికి బ్యాక్‌స్లాష్ బీ వాడతాం. ఏది పదంలోని అక్షరం, ఏది కాదు అన్నది తేల్చేటప్పుడు ఆ లైబ్రరీ మన గుణింతపు గుర్తులను, పొల్లును అక్షరాలుగా లెక్కపెట్టదు. "తెలుగు" అన్న మాటను పదాలుగా విడగొట్టమంటే త, ల, గ అని మూడు ముక్కలు ఇస్తుంది. ఎత్వం, కొమ్ములు దానికి ఖాళీ జాగా లాంటివే. ఇప్పుడు "అప్పు"కు రెండువైపులా హద్దు పెట్టి వెతికించండి. చివర ఉన్న కొమ్ము దాని లెక్కలో అక్షరం కాదు కాబట్టి, ఆ కొమ్ము తర్వాత ఖాళీ వస్తే హద్దు లేదంటుంది, హల్లు వస్తే హద్దు ఉందంటుంది. ఫలితం పూర్తిగా తిరగబడుతుంది: "అప్పు కావాలా" అన్న స్పామ్ దొరకదు, "అప్పుడు" మాత్రం దొరుకుతుంది! నేను ఒక రాత్రంతా నా కోడ్‌లోనే తప్పుందనుకుని కూర్చున్నాను. తప్పు కోడ్‌ది కాదని తెలిసేసరికి తెల్లవారింది.

దీనికి రెండు మార్గాలు. పైథాన్‌కి విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే "రెజెక్స్" అన్న పేరుతోనే ఉన్న మాడ్యూల్ వాడితే అది గుణింతపు గుర్తులను పదంలో భాగంగానే చూస్తుంది. లేదంటే హద్దుల జోలికి పోకుండా, వాక్యాన్ని ఖాళీల దగ్గర, విరామ చిహ్నాల దగ్గర మీరే విడగొట్టి, వచ్చిన మాటలను జాబితాతో పోల్చండి. నేను రెండోదే చేస్తాను. అప్పటికీ అప్పులు, అప్పుకి, అప్పును, అప్పులతో అని విభక్తులు వెంట వస్తాయి. మాట చివర లు, ల, కి, కు, ను, తో, లో లాంటివి ఉంటే తీసి చూడమని ఒక చిన్న ఫంక్షన్ రాసుకోండి. నూటికి నూరుపాళ్లు రాదు, కానీ మన పనికి చాలు.

పోల్చడానికి ముందు పాఠ్యాన్ని శుభ్రం చేసుకోవడం కూడా ముఖ్యం. నేను చేసే వరుస ఇది. మాస్టడాన్ పోస్టును హెచ్‌టీఎంఎల్‌గా ఇస్తుంది, కాబట్టి ముందు ఆ వెబ్ పేజీ కోడ్‌లోని ట్యాగ్‌లు తీసేయాలి. తీసిన చోట ఖాళీ పెట్టడం మరవకండి, లేకపోతే ఒక పేరా చివరి మాట, తర్వాతి పేరా మొదటి మాట అతుక్కుపోయి కొత్త మాట పుడుతుంది. తర్వాత యూనికోడ్‌లో ఎన్‌ఎఫ్‌కేసీ అనే పద్ధతిలో సాపు చేయండి. స్పామ్ పెట్టేవాళ్లు ఇంగ్లిష్ అక్షరాలను గణిత చిహ్నాల్లోని బొద్దు అక్షరాలతో రాస్తుంటారు, చూడ్డానికి లోన్ అనే ఉంటుంది, కంప్యూటర్‌కి వేరే అక్షరాలు. ఈ పద్ధతి వాటిని మామూలు అక్షరాలుగా మార్చేస్తుంది. రష్యన్ లిపిలోని పోలిక అక్షరాలు వాడితే మాత్రం ఇది పట్టుకోలేదు, వాటికి విడిగా ఒక పట్టిక కావాలి. ఆ తర్వాత కంటికి కనపడని సున్నా వెడల్పు గుర్తులను తీసేయండి. "లోన్‌లు" లాంటి మాటలో పొల్లు తర్వాత అలాంటిది ఒకటి తరచూ దాగి ఉంటుంది, అది ఉన్న మాట, లేని మాట కంప్యూటర్‌కి రెండు వేర్వేరు మాటలు.

ఇంకొకటి మన తెలుగుకే ప్రత్యేకం. పూర్ణానుస్వారం, అంటే సున్న, తెలుగు అంకెల్లోని సున్నా చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. చాలామంది "లాభం" రాసేటప్పుడు చివర అంకె కొడతారు. తెలుగు అక్షరం వెనకే తెలుగు అంకె సున్నా వస్తే దాన్ని అనుస్వారంగా మార్చేయండి. ఇది స్పామ్ లక్షణం అనుకుని పాయింట్లు వేయకండి. కీబోర్డు అలవాటు వల్ల అలా కొట్టే పెద్దవాళ్లు నా ఖాతాకు ఎంతోమంది రాస్తారు.

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగు మరో గొడవ. "కావాలి" అన్న ఒక్క మాటనే కొందరు ఒక ఏ పెట్టి, కొందరు రెండు ఏలు పెట్టి, కొందరు వీ బదులు డబ్ల్యూ పెట్టి రాస్తారు. వరుసగా వచ్చే ఒకే అక్షరాన్ని ఒక్కటిగా కుదించి, డబ్ల్యూని వీగా మార్చి పోలిస్తే చాలావరకు కుదురుతుంది.

ఇంతా చేశాక కూడా పదం దొరికితే నేను ఇచ్చేది ఒక్క అనుమానపు పాయింటే. అసలు బలం మిగతా వాటిలో ఉంది.

నేను చూసే మొదటి విషయం పరిచయం. మీరు అనుసరిస్తున్నవాళ్లు, మీరు గతంలో ఎప్పుడైనా జవాబిచ్చినవాళ్లు ఏం రాసినా నేరుగా మొదటి కుప్పలోకి. వాళ్ల మీద ఇంక ఏ పరీక్షా పెట్టొద్దు. ఈ ఒక్క నియమంతో పొరపాట్లు బాగా తగ్గుతాయి. మీరు జవాబిచ్చినవాళ్ల జాబితాను స్క్రిప్టే నెలకోసారి మీ పాత పోస్టుల నుంచి తయారుచేసుకోవచ్చు.

మిగిలినవాళ్లకు పాయింట్లు. ఒకే పోస్టులో నలుగురి కన్నా ఎక్కువమందిని ట్యాగ్ చేస్తే మూడు. ఖాతా తెరిచి వారం కూడా కాకపోతే రెండు. లింకు ఉంటే ఒకటి, కుదించిన లింకైతే రెండు. అదే మాట గంటలోపు ఇంకో ఖాతా నుంచి కూడా వచ్చి ఉంటే నాలుగు. మీ పోస్టు కిందే జవాబుగా రాస్తే మూడు తీసేయాలి, ఎందుకంటే మీరు రాసింది చదివి వచ్చినవాళ్లు వాళ్లు. మొత్తం ఐదు దాటితే పక్కన పెట్టినవాటిలోకి, మూడు నుంచి ఐదు దాకా ఉంటే తీరిగ్గా చూసేవాటిలోకి. ఈ అంకెలు నా ఖాతాకు కుదిరినవి, మీకు మారతాయి.

"అదే మాట" అని తేల్చడానికి పెద్ద తంటాలు అక్కర్లేదు. పోస్టులోంచి పేర్లు, లింకులు, అంకెలు తీసేసి మిగిలినదాన్ని, గత గంటలో వచ్చినవాటితో పైథాన్‌లోనే ఉన్న డిఫ్‌లిబ్‌తో పోల్చండి. పోలిక (అచ్చంగా ఒకటే అయితే 1) 0.85 దాటితే ఒకటే అనుకోవచ్చు. ఇరవై అక్షరాల లోపు పోస్టులకు మాత్రం దీన్ని వాడకండి. "బాగుంది సర్", "ధన్యవాదాలండీ" అన్నీ ఒకటే అయిపోతాయి.

పదాల మీద ఆధారపడితే ఏమవుతుందో 2024 ఫిబ్రవరిలో అందరం చూశాం. మాస్టడాన్ మీదికి పెద్ద స్పామ్ వరద వచ్చింది. మాస్టడాన్ అంటే ఎవరికి వారు నడిపే ఎన్నో సర్వర్ల కలయిక. ఎవరుపడితే వాళ్లు ఖాతా తెరవగలిగే చిన్న చిన్న సర్వర్లను వెతికి పట్టుకుని, వాటిలో కొత్త ఖాతాలు గుట్టలుగా తెరిచి, ముక్కూ మొహం తెలియనివాళ్లను ట్యాగ్ చేస్తూ పోయారు. రాతంతా జపనీస్‌లో, తోడుగా ఒక బొమ్మ, లింకు. నా జాబితాలో ఉన్నవన్నీ తెలుగు, ఇంగ్లిష్ మాటలు. ఒక్కటీ పనికిరాలేదు. ఖాతాలను ఒక్కొక్కటిగా బ్లాక్ చేస్తుంటే వెనకాల పది వచ్చేవి. కొత్త ఖాతా, పరిచయం లేదు, లింకు ఉంది, అదే రాత ఇంకో చోటు నుంచీ వచ్చింది అన్న లెక్క వేసిన రోజున ఆ వరద నా మొదటి కుప్పలోకి రావడం ఆగిపోయింది. వాళ్లేం రాశారో నాకు ఒక్క ముక్క చదవడం రాదు, చదవాల్సిన అవసరమూ రాలేదు.

స్క్రిప్ట్ రాసేముందు ఉన్న సెట్టింగ్‌లు ఒకసారి చూడండి. మాస్టడాన్‌లో 2024 అక్టోబర్‌లో వచ్చిన 4.3 వెర్షన్ నుంచి నోటిఫికేషన్లను వేరుచేసే సదుపాయం ఉంది. మీరు అనుసరించనివాళ్లు, మిమ్మల్ని అనుసరించనివాళ్లు, గత 30 రోజుల్లో తెరిచిన ఖాతాలు, అడగకుండా వచ్చే ప్రైవేటు మెన్షన్లు, ఇలా ఒక్కో రకాన్నీ రానివ్వాలా, పక్కన పెట్టాలా, అసలు వద్దా అని మీరే చెప్పొచ్చు. మీది జనం వచ్చి ప్రశ్నలడిగే ఖాతా కాబట్టి మొదటి రెండూ ముట్టుకోకండి. కొత్త ఖాతాలను, ప్రైవేటు మెన్షన్లను "పక్కన పెట్టు" అనండి, "వద్దు" అనకండి. ఒక్క జాగ్రత్త: ఇలా పక్కన పెట్టినవి మామూలుగా ఏపీఐలో (ప్రోగ్రాంలు సైట్‌తో మాట్లాడే దారి) మీ స్క్రిప్ట్‌కి రావు. వాటినీ కలిపి ఇమ్మని అడిగేటప్పుడే చెప్పాలి. చాలామంది ఇది తెలియక స్క్రిప్ట్ పనిచేయడం లేదనుకుంటారు.

ఇక మెన్షన్లు తెచ్చుకోవడం. మాస్టడాన్‌లో మీ సెట్టింగ్‌లలోనే డెవలప్‌మెంట్ విభాగంలో కొత్త అప్లికేషన్ తెరిస్తే టోకెన్, అంటే స్క్రిప్ట్‌కి తాళంచెవి లాంటిది, వస్తుంది. మొదట చదివే అనుమతి ఒక్కటే ఇవ్వండి. రాసే అనుమతి లేని స్క్రిప్ట్ ఎంత తప్పు చేసినా ఎవరికీ నష్టం ఉండదు. టోకెన్‌ను కోడ్‌లో రాయకుండా విడి ఫైల్లో పెట్టండి. నేను ఒకసారి తొందరలో కోడ్‌తో పాటు అందరికీ కనపడే రిపాజిటరీలో, అంటే ఆన్‌లైన్‌లో కోడ్ దాచుకునే చోట, పెట్టేశాను. ఒక స్నేహితుడు చూసి ఫోన్ చేసేలోపు రెండు గంటలు గడిచాయి. ఏమీ కాలేదు గానీ ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. బ్లూస్కైలో అసలు పాస్‌వర్డ్ వాడొద్దు, యాప్ పాస్‌వర్డ్ అని విడిగా తీసుకోవచ్చు, అనుమానం వస్తే దాన్ని ఒక్కదాన్నే రద్దుచేసుకోవచ్చు.

పది నిమిషాలకోసారి నడిపిస్తే సరిపోతుంది. పాత ల్యాప్‌టాప్‌లో క్రాన్ (చెప్పిన వేళకు ప్రోగ్రాంను నడిపే సాధనం) పెట్టినా చాలు. మాస్టడాన్ సర్వర్లు మామూలుగా ఐదు నిమిషాలకు 300 అభ్యర్థనల దాకా ఒప్పుకుంటాయి, మీరు దాని దరిదాపుల్లోకి కూడా వెళ్లరు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను. పోయినసారి ఎక్కడ ఆపామో గుర్తుంచుకుని అక్కణ్నుంచి తెమ్మనడానికి రెండు పద్ధతులున్నాయి. "సిన్స్ ఐడీ" అంటే ఆ గుర్తు తర్వాత వచ్చినవాటిలో అన్నిటికన్నా కొత్తవి ఇస్తుంది. "మిన్ ఐడీ" అంటే ఆ గుర్తును ఆనుకుని ఉన్నవాటి నుంచి పైకి ఇస్తుంది. ఒకసారికి మామూలుగా నలభై వస్తాయి, గట్టిగా అడిగితే ఎనభై. పోస్టు బాగా తిరిగిన రోజున పది నిమిషాల్లో నూట యాభై వచ్చాయనుకోండి. మొదటి పద్ధతిలో పై నలభై తెచ్చుకుని, వాటిలో కొత్తదాన్ని గుర్తుగా రాసుకుంటే, మధ్యలోని నూట పది మీకు ఎప్పటికీ కనపడవు. ఎర్రర్ కూడా రాదు. రెండో పద్ధతి వాడండి, ఖాళీ జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడగండి.

తెచ్చుకున్న ప్రతి మెన్షన్‌నీ, వచ్చిన రూపంలోనే, ఏమీ తీసేయకుండా ఒక ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్) ఫైల్లో దాచండి. పక్కనే ఎన్ని పాయింట్లు పడ్డాయి, ఏ నియమం వల్ల పడ్డాయి అన్నది రాయించండి. ఈ రెండో భాగాన్ని చాలామంది బద్ధకించి వదిలేస్తారు. అది లేకపోతే తప్పు జరిగినప్పుడు ఏ నియమం మార్చాలో తెలియదు. మొదటి రెండు వారాలు స్క్రిప్ట్‌ను ఏమీ చేయనివ్వకండి. ఏది ఏ కుప్పలోకి వెళ్తుందో రాసి చూపిస్తే చాలు. రోజూ రాత్రి మీరు మామూలుగా చదివినదాన్ని, అది చెప్పినదాన్ని పోల్చుకోండి.

ఇప్పుడు నాకు మనసులో ఉండిపోయిన ఒక సంగతి చెప్పాలి. పక్కన పెట్టిన కుప్పను నేను ఆదివారం పొద్దున చదువుతాను. ఒక ఆదివారం పని పడి మానేశాను. తర్వాతి వారం చూస్తే అందులో ఒక పెద్దాయన రాసింది ఉంది. ఖాతా తెరిచిన రోజే రాశారు. ప్రొఫైల్ ఫొటో లేదు. ఎవరో ఆరుగురిని ట్యాగ్ చేసిన పోస్టు కింద జవాబు కొట్టారు కాబట్టి ఆ ఆరు పేర్లూ ఆయన పోస్టులోకి వచ్చేశాయి. ఏదో నిఘంటువు పేజీ లింకు కూడా ఇచ్చారు. నా లెక్కలో ఆరు పాయింట్లు. "మా ఊళ్లో గరిసె అనేవాళ్లం, గాదె అన్నా అదేనా, వేరా? చెప్పగలరు" అని అడిగారు. పదకొండు రోజుల తర్వాత జవాబిచ్చాను, ఆలస్యానికి క్షమించమన్నాను. ఆయన, "ఇలా రాయకూడదేమో, తప్పు చేశానేమో అనుకుని ఊరుకున్నానండీ" అన్నారు.

కొత్తగా వచ్చిన పెద్దవాళ్లు, స్పామ్ ఖాతాలు బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఇద్దరికీ ఫొటో ఉండదు, అనుసరించేవాళ్లు ఉండరు, ఖాతా కొత్తది. మిద్దె తోటలవాళ్లలో రిటైరైనవాళ్లు ఎంతమందో మీకు నాకన్నా బాగా తెలుసు. అందుకే ఫొటో లేకపోవడానికి, అనుసరించేవాళ్లు లేకపోవడానికి నేను అసలు పాయింట్లు ఇవ్వను. జవాబు కొట్టినప్పుడు దానంతట అదే వచ్చిన పేర్లను లెక్కలోంచి తీసేశాను. పై పోస్టులో ఎవరెవరున్నారో చూసి, వాళ్లను మినహాయించి, కొత్తగా చేర్చిన పేర్లనే లెక్కపెట్టిస్తున్నాను. మీరు మొదటి రోజు నుంచే ఇలా చేయండి.

ఇదే కారణంతో బ్లాక్‌ను స్క్రిప్ట్ చేతికి ఇవ్వొద్దంటున్నాను. నిజంగా అవసరమైతే మ్యూట్ వాడండి. మాస్టడాన్‌లో మ్యూట్ చేసిన సంగతి అవతలివాళ్లకు తెలియదు, ఇన్ని రోజులకని గడువు కూడా పెట్టొచ్చు. నేను ఎప్పుడూ వారమే పెడతాను. స్పామ్ ఖాతా అయితే చాలావరకు వారంలోపు వాళ్ల సర్వరే తీసేస్తుంది, మనిషైతే మళ్లీ కనిపిస్తారు. బ్లూస్కైలో ఇంకో తేడా ఉంది. మ్యూట్ మీకే తెలుస్తుంది, బ్లాక్ మాత్రం బహిరంగం, ఎవరు ఎవరిని బ్లాక్ చేశారో ఎవరైనా చూడగలరు. పొరపాటున ఒక రైతును బ్లాక్ చేస్తే అది అందరికీ కనిపిస్తుంది.

అభిమానుల కొట్లాటలు వేరే జాతి. అక్కడ ఖాతాలు పాతవే, మనుషులు నిజమైనవాళ్లే, లింకులు ఉండవు. ఎవరో సరదాకు మీ పేరు ఒకసారి చేర్చారు, తర్వాత ఇద్దరు కొట్టుకుంటూ పోతుంటే ప్రతి మాటా మీకు వస్తుంది. పాయింట్లతో దీన్ని పట్టుకోవడం కష్టం. దానికి సరైన మందు సంభాషణను మ్యూట్ చేయడం. మాస్టడాన్ ఏపీఐలో ఒక పోస్టుకు సంబంధించిన సంభాషణ మొత్తాన్ని మ్యూట్ చేయొచ్చు. ఒకే సంభాషణ నుంచి గంటలో పదికి పైగా మెన్షన్లు వచ్చి, అందులో మీ పోస్టు ఒక్కటీ లేకపోతే, "ఈ సంభాషణను మ్యూట్ చేయనా" అని స్క్రిప్ట్ మిమ్మల్ని అడిగేలా రాసుకోండి. నేను ఫోన్‌కి ఒక సందేశం పంపించుకుంటాను, అవును అంటే చేస్తుంది. ఎక్స్‌లో కూడా 2022 నుంచి సంభాషణలోంచి తప్పుకునే బటన్ ఉంది, పోస్టు పక్కన మూడు చుక్కల మెనూలో.

ఎక్స్ గురించి క్లుప్తంగా. 2023లో పాత ఉచిత ఏపీఐని తీసేసినప్పటి నుంచి మీకు వచ్చేన్ని మెన్షన్లు చదవడానికి డబ్బు కట్టాలి, మిద్దె తోట ఖాతాకు అది దండగ. లాగిన్ అయి పేజీలను గీకే స్క్రిప్ట్‌లు వాళ్ల నియమాలకు విరుద్ధం, ఖాతాయే పోవచ్చు. అక్కడ సెట్టింగ్‌లతోనే సర్దుకోండి: కొత్త ఖాతాలు, ఈమెయిల్ నిర్ధారించనివాళ్లు, ఫోన్ నంబరు నిర్ధారించనివాళ్ల నోటిఫికేషన్లను ఆపే సదుపాయం ఉంది. కంప్యూటర్‌లో చూస్తారంటే ట్యాంపర్‌మంకీ లాంటి ఎక్స్‌టెన్షన్‌లో చిన్న జావాస్క్రిప్ట్ పెట్టి, ఎక్కువమందిని ట్యాగ్ చేసిన పోస్టులను మీ తెర మీద మాత్రం మసకబార్చొచ్చు. పేజీ కోడ్‌లో భాగాలకు ఉండే క్లాస్ పేర్లు తరచూ మారిపోతుంటాయి, పరీక్షల కోసం వాళ్లు పెట్టుకునే టెస్ట్ ఐడీల మీద ఆధారపడితే ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఫోన్ యాప్‌లో ఇది పనిచేయదు. బటన్లు నొక్కించే పని మాత్రం దానికి అప్పగించకండి.

ఏఐ పెట్టడం గురించి అడిగారు. రోజుకు మూడు వందలకు అవసరం లేదు. నేను మూడు నెలల మెన్షన్లకు చేత్తో గుర్తులు పెట్టి, ఉదాహరణల నుంచి స్పామ్‌ను పోల్చుకోవడం నేర్చుకునే నాయివ్ బేయిస్ అనే పద్ధతికి నేర్పించి చూశాను. విభక్తుల గొడవ లేకుండా మూడు నుంచి ఐదక్షరాల ముక్కలు చేసి ఇచ్చాను. చూడ్డానికి బాగానే వచ్చింది. లోపలికి వెళ్లి చూస్తే అది నేర్చుకున్నది వేరు: ఇంగ్లిష్ అక్షరాలు ఎక్కువుంటే స్పామ్ అని. నా అసలు ప్రశ్నల్లో ఎక్కువ తెలుగు లిపిలో ఉండటం వల్ల అలా అయింది. తెలుగు టైపింగ్ రాక ఇంగ్లిష్ అక్షరాల్లో అడిగే కుర్రవాళ్లందరూ పక్కకు పోయారు. తీసేశాను. బయటి ఏఐ సేవకు పంపడమైతే అస్సలు వద్దు. ప్రైవేటు మెన్షన్లలో జనం చిరునామాలు, ఫోన్ నంబర్లు రాస్తుంటారు, అవి మిమ్మల్ని నమ్మి రాసినవి.

బెదిరింపులు, అసభ్యంగా రాసినవి వస్తే వాటిని ఈ లెక్కల్లో కలపకండి. ఆ మాటలకు ఒక విడి జాబితా పెట్టండి, దొరికితే నాలుగో కుప్పలోకి. డిలీట్ చేయొద్దన్నదీ ఇందుకే. పోస్టు లింకు, సమయం, ఖాతా పేరు, అసలు రాత ఉంటేనే ఫిర్యాదు నిలబడుతుంది, పెట్టినవాళ్లు తర్వాత తీసేసినా మీ దగ్గర ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు చేయొచ్చు. లోన్ యాప్ లింకు నొక్కి మీ అనుచరుల్లో ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే 1930కి వెంటనే ఫోన్ చేయమనండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ఆ కుప్పను మీరొక్కరే చదవాల్సిన పని కూడా లేదు. నాది మా అన్నయ్య చూస్తాడు, అవసరమైతేనే నాకు చెబుతాడు.

చివరగా, స్క్రిప్ట్ పనిలో పెట్టిన రోజునే మీ ప్రొఫైల్‌లో ఒక వాక్యం చేర్చండి. నాది ఇలా ఉంటుంది: "మెన్షన్లు ఎక్కువ కావడంతో వేరుచేసే ప్రోగ్రాం వాడుతున్నాను. మూడు రోజుల్లో జవాబు రాకపోతే పొరపాటు నాదే, నా ఏదో ఒక పోస్టు కింద మళ్లీ అడగండి." పోస్టు కింద రాసినవాళ్లకు మూడు పాయింట్లు తగ్గుతాయి కాబట్టి రెండోసారి వాళ్లు తప్పకుండా కనిపిస్తారు.